తప్పు చక్రానిదా, ఫ్రేముదా? ముందు అది తేలాలి

ప్రశ్న: మాది రాజమండ్రి. మా తాతగారు 1964లో కొన్న హెర్క్యులస్ సైకిలు పాకలో మూలన పడి ఉంటే పోయినేడు బయటికి తీసి బాగుచేయించాను. కొత్త టైర్లు, వెనక చక్రానికి కొత్త రిమ్ము, కొత్త పెయింటు వేయించాను. తొక్కడానికి హాయిగానే ఉంది కానీ వెనక చక్రం ఎడమ పక్కకి ఉంటోంది. పెడళ్ల వెనక, చక్రానికి రెండు పక్కలా ఉండే గొట్టాల దగ్గర స్కేలు పెట్టి చూస్తే ఎడమ సందు కుడి సందు కంటే 5 మి.మీ. తక్కువ. వారంలో రెండుసార్లు చైను పడిపోతోంది. మూడు షాపుల్లో బెండు తీయించాను, లాభం లేదు. ఒకాయన "ఫ్రేము వంకర పోయింది, గ్యాస్ పెట్టి కాల్చి సరిచేస్తా" అన్నారు. ఇంకొకాయన పాత ఇనుముకి వేసేయమన్నారు. చక్రం ఎక్కించాలంటే వెనక గొట్టాలను చేత్తో ఎడంగా లాగి పట్టుకోవాల్సి వస్తోంది. ఏం చేయమంటారు? ఇది సరయ్యాక గేర్లు వేయించుకోవచ్చా?

జవాబు: పాత ఇనుముకి మాత్రం వేయకండి. గ్యాస్ దగ్గరికి అసలే తీసుకెళ్లకండి. మిగతాదంతా మీరూ, సాయానికి ఇంకొక మనిషీ కలిసి ఒక ఆదివారం పొద్దున చేసుకోగలిగిన పనే.

మీరు చివర్లో రాసిన ఒక్క మాట మిగతా ఉత్తరమంతటికంటే ఎక్కువ చెప్తోంది: చక్రం ఎక్కించాలంటే గొట్టాలను ఎడంగా లాగాల్సి రావడం. దాని సంగతికి తర్వాత వస్తాను. ముందు తప్పు చక్రానిదో ఫ్రేముదో తేలాలి. అది తేలకుండా మూడుసార్లు బెండు తీయించడం వల్లే మీ డబ్బులు వృథా అయ్యాయి. ఫ్రేము వంకరగా ఉంటే బెండు తీసే మనిషి ఏం చేస్తాడు? పుల్లలు (స్పోకులు) ఒక పక్క బిగించి ఇంకో పక్క వదిలి, ఎలాగోలా రిమ్మును సందు మధ్యకి లాగుతాడు. అప్పటికి చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ మంచి చక్రాన్ని వంకర ఫ్రేముకి తగ్గట్టు పాడుచేసినట్టే అవుతుంది. ఒక పక్క పుల్లల మీద లాగుడు పెరిగి, కొన్నాళ్లకి అవి ఒక్కొక్కటే తెగడం మొదలవుతుంది.

తేల్చుకోవడానికి అయిదు నిమిషాలు చాలు. సైకిలును తలకిందులుగా సీటు మీద, హ్యాండిలు మీద నిలబెట్టండి. చైన్ కవరు వెనక భాగం విప్పి, చైను తీసి, చక్రం ఊడదీయండి. ఇరుసు కూర్చునే గాడి ఉన్న ఇనప పలకలు రెండు ఉన్నాయి కదా, వాటిని ఇక్కడ చెవులు అంటాను. ఇరుసును రెండు పక్కలా గాడి చివరిదాకా నెట్టి నట్లు బిగించండి. ఇప్పుడు పెడళ్ల దగ్గర నుంచి వెనక్కి వచ్చే గొట్టాలకీ (చైన్‌స్టే అంటారు) రిమ్ముకీ మధ్య సందు రెండు పక్కలా కొలవండి. టైరు దగ్గర కాదు, రిమ్ము దగ్గరే. టైరు రిమ్ములో కాస్త అటూ ఇటూ కూర్చుని ఉండొచ్చు, దాని మాట నమ్మడానికి లేదు. సీటు కింద నుంచి దిగే గొట్టాల దగ్గర కూడా (ఇవి సీట్‌స్టేలు) కొలిచి, నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకోండి.

ఇప్పుడు చక్రాన్ని తిప్పి పెట్టండి. అంటే ఫ్రీవీలు (చైను ఎక్కే వెనక పళ్లచక్రం) ఎడమ పక్కకి వచ్చేలా ఎక్కించి, మళ్లీ గాడి చివరిదాకా నెట్టి, మళ్లీ అక్కడే కొలవండి.

చక్రాన్ని తిప్పినా రిమ్ము ఎడమ గొట్టానికే దగ్గరగా ఉంటే తప్పు ఫ్రేముది. రిమ్ము ఈసారి కుడి గొట్టం వైపుకి వెళ్లిపోతే తప్పు చక్రానిది, కొత్త రిమ్ము వేసినప్పుడు పుల్లలు కట్టడంలో అది హబ్బుకి (ఇరుసు చుట్టూ తిరిగే చక్రం నడిమి భాగానికి) నడిమధ్యకి రాలేదు. చాలాసార్లు రెండూ కలిసి ఉంటాయి. ఉదాహరణకి మొదట ఎడమ సందు 6 మి.మీ. తక్కువ వచ్చి, తిప్పాక ఎడమే 2 మి.మీ. తక్కువ వచ్చిందనుకోండి. రెండూ కలిపి సగం చేస్తే 4, అది ఫ్రేము వాటా. మిగిలిన 2 చక్రం వాటా. ఎవరి వాటా వాళ్ల దగ్గరే సరిచేయాలి. ఇంకొకటి, సందుల మధ్య తేడా 5 మి.మీ. ఉందంటే రిమ్ము పక్కకి జరిగింది అందులో సగమే, రెండున్నర మి.మీ. ఈ సంగతి గుర్తుంటే కంగారు సగానికి తగ్గుతుంది.

ఇది చేసే ముందు ఇరుసు మీద కూడా ఒక చూపు వేయండి. చక్రం చేత్తో పట్టుకుని ఇరుసును వేళ్లతో మెల్లగా తిప్పండి. ఒక చోట బిగుసుకుని ఇంకో చోట వదులైతే ఇరుసు వంగి ఉంది. కొత్తది వేయించి, కోన్లూ బాల్సులూ చూసుకుని అప్పుడు కొలతలు మొదలుపెట్టండి. వంగిన ఇరుసుతో తీసిన కొలత దేనికీ పనికిరాదు.

ఇంకో అనుమానం కూడా తీర్చుకోవాలి. ఈ సైకిళ్లలో గాడి వెనక్కి తెరుచుకుని ఉంటుంది, చైను బిగించాలంటే చక్రాన్ని వెనక్కి లాగి నట్లు బిగిస్తాం. అలా లాగేటప్పుడు ఒక పక్క 1 మి.మీ. ఎక్కువ వెనక్కి వచ్చిందనుకోండి. చెవుల మధ్య దూరం సుమారు 110 మి.మీ., ఇరుసు నుంచి రిమ్ముకి 317 మి.మీ. పైచిలుకు. కాబట్టి ఆ ఒక్క మిల్లీమీటరు చైన్‌స్టేల దగ్గరికి వచ్చేసరికి దాదాపు 3 మి.మీ. అవుతుంది. నా దగ్గరికి "ఫ్రేము వంకర" అని వచ్చిన సైకిళ్లలో చాలావాటికి జబ్బు ఇదే. అందుకే ఇరుసును గాడి చివరికి నెట్టి కొలవమన్నాను. చైన్‌స్టేల దగ్గర తేడా ఉండి సీట్‌స్టేల దగ్గర సరిగ్గా ఉంటే ఇరుసు ఏటవాలుగా కూర్చుందని అర్థం. చైన్‌స్టేల దగ్గర సరిగ్గా ఉండి సీట్‌స్టేల దగ్గర తేడా వస్తే ఒక చెవి రెండోదాని కంటే ఎత్తులో ఉంది. రెండు చోట్లా ఒకే పక్కకి ఉంటే, చక్రం బిగించినప్పుడు చెవులు రెండూ కలిసి పక్కకి జరుగుతున్నాయి.

మీది ఈ మూడోదే అని నా నమ్మకం. ఎందుకంటే ఆ ఎడంగా లాగాల్సి రావడం. ఒకే గేరున్న పాత రోడ్‌స్టర్లలో (మీలాంటి బరువైన మామూలు సైకిళ్లలో) చెవుల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 110 మి.మీ. ఉంటుంది. హబ్బు కూడా అంతే. చక్రం దానంతటది జారి కూర్చోవాలి. బలవంతంగా విప్పదీయాల్సి వస్తోందంటే ఒక చెవి లోపలికి వచ్చేసింది. మీ రిమ్ము ఎడమకి ఉంది కాబట్టి లోపలికి వచ్చింది కుడి చెవి. ఇది వినడానికి తిరకాసుగా ఉంటుంది, రిమ్ము ఎడమకి జరిగితే తప్పు కుడి గొట్టానిది ఏమిటని. హబ్బును బలవంతంగా దూర్చినప్పుడు రెండు గొట్టాలూ చెరిసగం విచ్చుకుంటాయి. కుడి చెవి 5 మి.మీ. లోపలికి వచ్చి ఉంటే అది రెండున్నర వెనక్కి వెళ్తుంది, ఏ పాపమూ ఎరగని ఎడమ చెవి రెండున్నర బయటికి వెళ్తుంది. చక్రం మొత్తం రెండున్నర ఎడమకి జరిగి కూర్చుంటుంది. మీరు కొలిచిన 5 మి.మీ. తేడా సరిగ్గా ఇదే.

పాకలో ఏళ్లతరబడి ఉన్న సైకిలు అన్నారు. కుడి పక్కకి పడిపోయి, దాని మీద బస్తాలో దుంగలో పడి ఉంటాయి. దానికి ఇంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

ఇది నిజమో కాదో దారం చెప్తుంది. తాపీమేస్త్రీలు గోడకి పట్టే నైలాన్ దారం తెచ్చుకోండి. చక్రం, మడ్‌గార్డు, స్టాండు, చైన్ కవరు తీసేయండి. దారం ఒక కొస ఎడమ చెవి బయటి ముఖానికి, ఇరుసు కూర్చునే చోట కట్టి, ముందుకి తెచ్చి హ్యాండిలు కింద ఉండే నిలువు గొట్టం చుట్టూ తిప్పి, వెనక్కి తెచ్చి కుడి చెవికి అదే చోట బిగించి కట్టండి. దారం వీణ తీగలా బిగుసుకోవాలి, ఎక్కడా ఏ గొట్టానికీ తగలకూడదు. ఇప్పుడు సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం రెండు పక్కలా కొలవండి. స్కూలు పిల్లల స్టీలు స్కేలు చాలు. కానీ ఆ స్కేలు అంచు నుంచి సున్నా దాకా ఉండే చిన్న ఖాళీని లెక్కలో మర్చిపోకండి, చాలామంది తడబడేది అక్కడే.

1 మి.మీ. లోపు తేడా ఉంటే ఫ్రేము బాగున్నట్టే, దాన్ని వదిలేయండి. కొత్తగా వచ్చినప్పుడు కూడా ఈ ఫ్రేములు అంతకంటే గొప్పగా ఉండేవి కావు. మీకు కుడి పక్క రెండున్నర, మూడు మి.మీ. తక్కువ వస్తుందని అనుకుంటున్నాను. సీటు గొట్టం దాదాపు ముందు గొట్టానికీ చెవులకీ నడిమధ్యన ఉంటుంది కాబట్టి దారం దగ్గర కనిపించే తేడా కుడి చెవి జరిగినదాంట్లో ఉజ్జాయింపుగా సగం. చెవుల మధ్య దూరం కూడా విడిగా కొలిచి రాసుకోండి. 105 వస్తే లెక్క కుదిరింది.

వంచే ముందు ఒకసారి మంచి వెలుతురులో ఫ్రేమంతా చూడండి. జాయింట్ల దగ్గర పెయింటులో సన్నటి గీత, ఆ గీత వెంట తుప్పు రంగు కనిపిస్తే అది పగులు కావచ్చు. గొట్టం ఎక్కడైనా నొక్కుకుపోయి మడత పడిందా? పెడళ్ల వెనక గొట్టం లోపలి నుంచి తుప్పు తినేసి, స్క్రూడ్రైవరుతో కొడితే బోలుగా మోగుతోందా? వీటిలో ఏదున్నా చేత్తో వంచే పని పెట్టుకోవద్దు. ఆ గొట్టం మార్చాల్సిందే. ఇంకోటి, కొన్ని పాత రోడ్‌స్టర్లలో సీట్‌స్టేలు అతికి ఉండవు, బోల్టులతో బిగించి ఉంటాయి. మీదీ అలాంటిదైతే ముందు ఆ బోల్టులు బిగించి మళ్లీ దారం కట్టి చూడండి. వదులు బోల్టే మొత్తం కథ కావచ్చు.

ఇక గ్యాస్ సంగతి. ఈ ఫ్రేముల్లో గొట్టాలను లగ్గుల్లోకి (జాయింటు దగ్గర ఉండే తొడుగుల్లోకి) దూర్చి ఇత్తడి పోసి అతుకుతారు. ఇత్తడి సుమారు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది. గ్యాస్ మంట అంతకంటే చాలా వేడి. రెండు అంగుళాల అవతల కాల్చినా అతుకు దెబ్బతినే ప్రమాదం ఉంది, కాల్చిన చోట ఉక్కు మెత్తబడుతుంది కూడా. మా నాన్న సైకిలుకి ఒక షాపులో ఇలాగే కాల్చి సరిచేశారు. అప్పటికి చక్రం అద్దంలా మధ్యలో తిరిగింది. ఆరు నెలలకి వెనక బియ్యం బస్తా వేసుకుని వస్తుంటే సరిగ్గా ఆ కాల్చిన చోటే గొట్టం చీలింది. నాన్నకి మోచెయ్యి కొట్టుకుపోయింది. ఆ ఫ్రేమును మళ్లీ నిలబెట్టలేకపోయాం. అందుకే ఈ ఒక్క విషయంలో ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఉక్కును చల్లగానే వంచొచ్చు. ఉక్కులో ఉన్న మంచితనమే అది, కొంతవరకూ వంచితే స్ప్రింగులా వెనక్కి వస్తుంది, ఆ హద్దు దాటితే వంగిన చోట నిలబడిపోతుంది, విరగదు. మీ ఫ్రేము ఎలా వంగిందో అలాగే వెనక్కి వస్తుంది. (ఇది ఉక్కు ఫ్రేములకే. అల్యూమినియం ఫ్రేమును ఇలా వంచితే పగుళ్లు వస్తాయి, దాని జోలికి పోవద్దు.)

నాలుగు అడుగుల గట్టి చెక్క బద్ద కావాలి, రెండు అంగుళాల వెడల్పు ఉంటే చాలు. తగిలే చోట్ల పాత గుడ్డ చుట్టండి, కొత్త పెయింటు కదా. ఫ్రేము నిటారుగా నిలబెట్టి, సాయానికి వచ్చిన మనిషిని ముందు నుంచి కదలకుండా పట్టుకోమనండి. బద్ద ముందు కొసను సీటు గొట్టానికి కుడి పక్కన, పెడళ్లకి కాస్త పైన ఆనించండి. అక్కడ గొట్టం గట్టిగా ఉంటుంది. అక్కడి నుంచి బద్దను కుడి చైన్‌స్టేకీ కుడి సీట్‌స్టేకీ మధ్య ఉన్న మూడు మూలల ఖాళీలోంచి లోపలికి దూర్చి, వెనక కుడి చెవి లోపలి ముఖానికి తగిలేలా పెట్టండి. మిగతా బద్ద వెనక్కి పొడుచుకుని ఉంటుంది. ఆ కొసను పట్టుకుని కుడి పక్కకి నెమ్మదిగా లాగండి. చెవి బయటికి వస్తుంది. ఎడమ చెవిని ముట్టుకోకండి, దానిది తప్పు లేదు.

మొదటిసారి ఒక సెంటీమీటరు లాగి వదిలేస్తే మొత్తం వెనక్కి వచ్చేస్తుంది. కంగారు పడకండి, ఉక్కు తీరే అంత. చెవుల మధ్య దూరం కొలవండి, 105 అలాగే ఉంటుంది. ఇంకొంచెం ఎక్కువ లాగండి, వదలండి, కొలవండి. ఎక్కడో ఒక చోట స్కేలు మీద 106 కనిపిస్తుంది. హద్దు దాటిందన్నమాట. ఇక అక్కడి నుంచి చాలా కొద్దికొద్దిగా పెంచండి, ప్రతిసారీ కొలవండి. 5 మి.మీ. నిలబడాలంటే రెండు మూడు సెంటీమీటర్లు లాగాల్సి రావొచ్చు. ఆ చేతి బలాన్ని మీ చేతులే నేర్చుకుంటాయి. ఒక్కసారే గుంజితే 105 నుంచి 115కి వెళ్లిపోతుంది, మళ్లీ వెనక్కి వంచాలి. అటూ ఇటూ వంచిన కొద్దీ ఉక్కు అలిసిపోతుంది, కాబట్టి తొందర వద్దు. 110 రాగానే దారం కట్టి చూడండి, రెండు పక్కలా సమానంగా వస్తే ఫ్రేము దారిలో పడ్డట్టే.

ఒక పని మిగులుతుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. గొట్టం వంగినప్పుడు దాని చివర ఉన్న చెవి కూడా తిరుగుతుంది. రెండు చెవులూ ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే నట్లు బిగించిన ప్రతిసారీ ఇరుసును వంచుతాయి. మీ పాత ఇరుసు ఒకటి ఉంటే మధ్యకి రెండు ముక్కలుగా కోయించండి. ఒక్కో ముక్కను ఒక్కో చెవికి, లోపలా బయటా నట్లు పెట్టి, లోపలికి చూసేలా బిగించండి. రెండు కొసలూ మధ్యలో వేలెడు దూరంలో ఆగాలి. వెనక నుంచి ఒకసారి, పై నుంచి ఒకసారి చూడండి. రెండూ ఒకే గీత మీద ఉండాలి. ఒకటి పైకో ముందుకో చూస్తుంటే స్క్రూ స్పానరు దవడలను చెవి పలకకి సరిగ్గా బిగించి, వెంట్రుకవాసి తిప్పండి. గాడి అంచును పట్టుకోకండి, పలక మొత్తాన్ని పట్టుకోండి.

ఒక చెవి ఎత్తులో ఉన్నట్టు తేలితే (సీట్‌స్టేల దగ్గరే తేడా వస్తే) వంచడం కాదు, ఆకురాయి పని. చక్రం పైభాగం ఏ పక్కకి వాలుతోందో ఆ పక్క ఇరుసు కిందికి ఉన్నట్టు. ఆ చెవి గాడి పై అంచును సన్నటి ఆకురాయితో రెండు మూడు సార్లు గీసి, చక్రం పెట్టి చూడండి. అక్కడ అర మి.మీ. తీస్తే పైన ఒకటిన్నర మి.మీ. కదులుతుంది.

చక్రం ఎక్కించి చైను వేసేటప్పుడు ఒకేసారి రెండు నట్లూ బిగించకండి. కుడి పక్క కాస్త వెనక్కి లాగి సగం బిగించి, చక్రాన్ని చేత్తో మధ్యకి పట్టి ఎడమది సగం బిగించి, మళ్లీ కుడిది. ఇలా నాలుగైదు సార్లు చేస్తే చైనూ బిగుస్తుంది, రిమ్మూ మధ్యలో ఉంటుంది. చైను మధ్యలో వేలితో నొక్కితే అర అంగుళం ఆడాలి. మీ చైను పడిపోవడానికి సగం కారణం ఏటవాలు చక్రమైతే మిగతా సగం వదులు చైను అయి ఉంటుంది. వెనక నుంచి ఒక కన్ను మూసి చూడండి, ఫ్రీవీలు పళ్లూ ముందు పళ్లచక్రమూ ఒకే వరసలో ఉండాలి.

ఆ తర్వాతే బెండు తీయించండి, అది ఆఖరిసారి అవుతుంది. ఇంతకుముందు మూడు షాపుల్లో వంకర ఫ్రేముకి సరిపోయేలా పుల్లలు లాగి ఉంటారు, ఇప్పుడు చక్రాన్ని తిప్పి పెట్టి చూస్తే ఆ తప్పు బయటపడుతుంది. వెనక 40 పుల్లలు కాబట్టి బెండు తీసే ఆయనకి ఓపిక కావాలి, రెండు పక్కల పుల్లలనూ వేలితో మీటి చూడమనండి. మీది కడ్డీ బ్రేకు అయితే, వెనక బ్రేకు కట్టెలు రిమ్ము లోపలి ముఖం మీద, పుల్లల వరసకి అటూ ఇటూ ఉన్న సన్నటి పట్టీలకి ఆనుకుంటాయి. రిమ్ము 3 మి.మీ. పక్కకుంటే ఒక కట్టె పుల్లల నిపిళ్లని (రిమ్ములో పుల్లను బిగించే చిన్న నట్లని) గీకుతుంది. పోయినేడాది వేసిన కట్టెలు అప్పుడే ఒక పక్కే అరిగి ఉంటే కారణం ఇదే, వాటిని కూడా మార్చేయండి.

గేర్ల గురించి అడిగారు. డిరైలరు (చైనును ఒక పళ్లచక్రం నుంచి ఇంకోదాని మీదికి నెట్టే పరికరం) ఉన్న ఏడు ఎనిమిది గేర్ల చక్రం వద్దు. వాటి హబ్బులు 126, 130 మి.మీ. ఉంటాయి, ఈ చెవులను 16 నుంచి 20 మి.మీ. విప్పదీయడం ఈ ఫ్రేముకి అన్యాయం. పైగా మీ 28 అంగుళాల రిమ్ము (635 మి.మీ. కొలత), కడ్డీ బ్రేకులు వాటితో కుదరవు. నిజంగా గేర్లు కావాలంటే హబ్బు లోపలే గేర్లుండే స్టర్మీ-ఆర్చర్ మూడు గేర్ల పాత హబ్బు కోసం వెతకండి. 1936లో మొదలైన ఏడబ్ల్యూ రకం ఇలాంటి సైకిళ్లకే పుట్టింది, 40 రంధ్రాలతో కూడా దొరుకుతుంది, ఇప్పుడున్న రిమ్మే దానికి కట్టించుకోవచ్చు. చిన్న గేరులో మామూలు కంటే నాలుగో వంతు తేలిక, పెద్ద గేరులో మూడో వంతు వేగం. గోదావరి వంతెన ఎక్కేటప్పుడు ఆ చిన్న గేరు విలువ తెలుస్తుంది. ఆ హబ్బు ఇరుసు పొడవును బట్టి చెవుల మధ్య ఇంకో అయిదారు మి.మీ. కావాల్సి రావొచ్చు. కాబట్టి హబ్బు ముందే దొరికితే దాన్ని కొలిచి, పైన చెప్పిన పనిలో 110 దగ్గర ఆగకుండా రెండు చెవులనూ సమానంగా ఆ కొలతకి తెచ్చి ఆపండి. ఒకే పనిని రెండుసార్లు చేసే అవసరం ఉండదు.